మంగళవారం మాత్ర, సోమవారం రక్తం

కార్తీక సోమవారం. భీమవరంలో ఇంకా వెలుగు రాలేదు. గునుపూడి సోమేశ్వరుడి గుడి మైకు చలిగాలిలో ఊరంతా వినిపిస్తోంది. అరటిదొప్పల్లో దీపాలు పట్టుకుని ఆడవాళ్లు కోనేటి వైపు నడుస్తున్నారు. వాళ్లకి ఎదురుగా, రొయ్యల చెరువులకి పోయే ఐసు లారీ ఒకటి రోడ్డు పొడుగునా నీళ్లు కార్చుకుంటూ వస్తోంది. నా స్కూటర్ వెనక అమ్మ కూర్చుంది. ఒక చెయ్యి నా భుజం మీద, ఇంకో చేతిలో గుడ్డసంచీ. అందులో మాత్రల డబ్బా, పాత రిపోర్టులు, గుడికి పట్టుకెళ్లాల్సిన కొబ్బరికాయ.

"కార్తీక సోమవారంపూట దేవుడి కంటే ముందు సూది దగ్గరికి తీసుకెళ్తున్నావేంట్రా?" అంది.

"సోమవారమే కదమ్మా ఇవ్వాలి రక్తం."

ఎందుకో ఆవిడకీ తెలుసు. అమ్మకి కీళ్లవాతం. వేళ్ల కణుపులు వాచిపోయి, పొద్దున్నే చెంబు పట్టుకోవడం కూడా కష్టమయ్యే రోజులు చూశాం. దానికి డాక్టరుగారు రాసింది మెథోట్రెక్సేట్. వారానికి ఒక్కసారే వేసుకోవాలి. మా ఇంట్లో అది మంగళవారం రాత్రి. ఆ మాత్ర పడిన తర్వాత ఒకటి రెండు రోజులు కాలేయం ఎంజైములు కాస్త పైకి లేచి మళ్లీ దిగుతాయి. అప్పుడు రక్తం తీస్తే లేని జబ్బు ఉన్నట్టు కనపడుతుంది. అందుకని తర్వాతి మాత్రకి ముందురోజు, సోమవారం పొద్దున్న ల్యాబుకి వెళ్తాం. మంగళవారం మాత్ర, సోమవారం రక్తం. మూడేళ్లుగా మా ఇంటి పంచాంగం ఇదే.

ల్యాబు షట్టరు సగం లేచి ఉంది. లోపల ట్యూబులైటు వెలుగు, స్పిరిటు వాసన. ఈ ల్యాబు నడిపేవాడు నాతో హైస్కూల్లో చదువుకున్నాడు. అందుకే నన్ను లోపలి గదిలోకి రానిస్తాడు. ముందు గదిలో రక్తం తీసే అమ్మాయి చేతులకి గ్లౌజులు తొడుక్కుంటోంది.

"రండి పిన్నిగారూ. ఉపవాసమా?"

"నక్షత్రాలు చూసేదాకా నీళ్లే తల్లీ."

అమ్మాయి ఆ మాట కాగితం మీద రాసుకుంది. కాలేయ పరీక్షకి ఉపవాసం అక్కర్లేదు. అయితే కొందరికి పుట్టుకతోనే బిలిరుబిన్‌ను బయటికి పంపే వేగం తక్కువగా ఉంటుంది. దాన్ని గిల్బర్ట్ సిండ్రోమ్ అంటారు. అలాంటివాళ్లు కడుపు మాడ్చుకుంటే కాలేయం బాగానే ఉన్నా బిలిరుబిన్ పెరిగి కనపడుతుంది. అందుకే ఆ చిన్న మాట కూడా కాగితం మీదకి ఎక్కాలి.

"ఏం మందులు వాడుతున్నారు?"

"మంగళవారం మాత్ర. దాని బలానికి పోలిక్ మాత్ర. బీపీకి ఒకటి."

"ఇంకేమన్నా? కషాయాలు, పసర్లు, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి?"

"ఏవీ లేవమ్మా." అమ్మ చటుక్కున చెప్పేసింది. చెప్పి గోడ వైపు చూసింది.

దండ చేతికి రబ్బరు పట్టీ బిగిసింది. అమ్మాయి వేలితో నరం వెతికి పట్టింది. సూది దిగగానే పసుపు మూత ట్యూబులోకి రక్తం సన్నటి ధారగా దూకింది, ఆ తర్వాత ఊదా మూత ట్యూబులోకి. మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకి కాలేయంతో పాటు రక్తకణాల లెక్క కూడా చూడాలి. ఆ రెండో ట్యూబు దానికోసం. అమ్మాయి ట్యూబుల్ని కుదపకుండా, మెల్లగా తల్లకిందులు చేసి నిలబెట్టింది. గట్టిగా ఊపితే ఎర్రకణాలు పగిలి వాటిలోని ఎంజైములు బయటపడతాయి. అప్పుడు కాలేయం చెయ్యని నేరం కాలేయం మీద పడుతుంది.

అమ్మ దూది అదుముకుని లేచింది. ఆ కుర్చీలో కూర్చోడానికి ఒకాయన వచ్చాడు. నలభై అయిదేళ్లుంటాయి. పక్కన భార్య. ఉండి అనే ఊరి దగ్గర ఎవరిదో చేపల చెరువుకి కాపలా ఉంటాడట. చొక్కా భుజాల మీంచి జారిపోతున్నట్టుంది.

"ఏం మందులు బాబాయ్‌గారూ?"

"ఆయ్, టీబీ మాత్రలండి. ఆరో వారం."

"ఇప్పుడేంటి ఇబ్బంది?"

ఆయన బదులు భార్య చెప్పింది. "అన్నం వాసనే గిట్టటం లేదమ్మా. నాలుగు రోజుల్నించీ వాంతులు. దగ్గు తగ్గింది, జొరం తగ్గింది, బాగుపడ్డాడనుకుంటే ఇదొచ్చింది."

"మూత్రం ఎలా వస్తోంది?"

"ఎర్రగా వస్తందండి," అన్నాడాయన. "మొదట్రోజే సెప్పారు కదండి, ఈ మాత్రలకి ఎర్రగానే వస్తది, బయపడొద్దని."

అమ్మాయి చెయ్యి ఆగింది. ఆయనకి చెప్పినదాంట్లో తప్పులేదు. టీబీ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ మూత్రాన్ని, చెమటని, కన్నీటిని కూడా నారింజ రంగుకి తిప్పుతుంది. చెప్పకపోతే జనం భయపడి మాత్రలు మానేస్తారు. అయితే కాలేయం దెబ్బతిని బిలిరుబిన్ మూత్రంలోకి దిగినప్పుడు కూడా రంగు ముదురుతుంది. మందు రంగు వెనకాల జబ్బు రంగు దాక్కుంటుంది. అమ్మాయి ఆయన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, తెల్లారుతున్న వెలుగులో పైరెప్ప ఎత్తి "కిందికి చూడండి" అంది. నేనూ చూశాను. కనుగుడ్డు తెలుపులో, పాత కాగితం అంచున కనపడేలాంటి ఒక లేత పసుపు.

ఆయనకి ఇంకో ట్యూబు కూడా తీసింది. నీలం మూతది, రక్తం గడ్డకట్టే వేగం కొలవడానికి.

*

పసుపు మూత ట్యూబు అరగంట కదలకుండా నిలబడాలి. రక్తం పూర్తిగా గడ్డకట్టాలి. తొందరపడితే లాభం లేదు. అమ్మ బెంచీ మీద కూర్చుని మాత్రల డబ్బా ఒళ్లో పెట్టుకుంది. నేను మూత తీసి చూశాను. రెండు రకాల మాత్రలు, రెండూ చిన్నవే, రెండూ పసుప్పచ్చవే. ఒకటి మెథోట్రెక్సేట్, రెండోది ఫోలిక్ యాసిడ్. వీటిని తారుమారు చేసుకుని, వారానికొకసారి వేసుకోవాల్సినదాన్ని రోజూ వేసుకున్నవాళ్లకి ప్రాణం మీదకి వచ్చింది. అందుకే డబ్బాలోని ఆ రెండు పట్టీలకీ రెండు రంగుల దారాలు కట్టాను.

ఆ రెండు మాత్రల్నీ అరచేతిలో పెట్టుకుంటే నాకు ప్రతిసారీ ఒకే మనిషి గుర్తొస్తాడు. 1895 జనవరి 12న ఈ భీమవరంలోనే పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. రాజమండ్రిలో చదివి, మద్రాసులో వైద్యం నేర్చి, 1922లో బోస్టన్ చేరాడు. మళ్లీ ఈ నేల మీద అడుగు పెట్టలేదు. అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. తనకీ అది వచ్చి బతికి బయటపడ్డాడు. ఆ జబ్బుకి పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ను 1940ల నడుమ న్యూయార్కు రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసింది ఆయన నడిపిన బృందమే. అదే పరిశోధనలోంచి దానికి సరిగ్గా విరోధి కూడా పుట్టింది. ఫోలిక్ యాసిడ్‌లాగే కనపడుతూ కణాన్ని మోసం చేసి, దాని పెరుగుదలని ఆపే అమినోప్టెరిన్. 1947 చివర బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్తక్యాన్సర్ పిల్లలకి ఇచ్చాడు. 16 మందిలో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశాడు. అమినోప్టెరిన్‌కి తోబుట్టువే మెథోట్రెక్సేట్. చిన్న మోతాదులో అది కీళ్లవాతానికి పనిచేస్తుందని 1980ల పరీక్షలు రుజువు చేశాయి.

అంటే భీమవరంలో పుట్టిన అమ్మ వారానికోసారి వేసుకునే మందూ, ఆ మందు పెట్టే బాధని తగ్గించడానికి వేసుకునే విటమినూ, రెండూ భీమవరంలో పుట్టిన మనిషి పని చేసిన బల్ల మీంచే వచ్చాయి. అంతకు ముందు, 1925లో, సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన పేరు తెచ్చుకున్నది కూడా ఒక పరీక్షతోనే. రక్తంలో, మూత్రంలో ఉన్న ఫాస్ఫరస్‌కి నీలిరంగు తెప్పించి, నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఉన్నట్టు లెక్కగట్టే పద్ధతి అది. రంగు చూసి లోపలి సంగతి చెప్పడం. సోమేశ్వరుడి లింగం పున్నమికి తెల్లగా, అమావాస్యకి నల్లగా మారుతుందని నమ్మే మా ఊళ్లో పుట్టినవాడు ఎంచుకోవాల్సిన పనే అనిపిస్తుంది నాకు.

*

"రా, లోపలికి," అన్నాడు మావాడు.

లోపలి గదిలో సెంట్రిఫ్యూజ్ తిరుగుతోంది. తడిగుడ్డలు పిండే యంత్రంలాంటి హోరు. పది నిమిషాలకి అది ఆగింది. మావాడు రెండు ట్యూబులు తీసి లైటుకి ఎత్తి పట్టుకున్నాడు. అడుగున ముదురెరుపు గడ్డ, మధ్యలో తెల్లటి జెల్ పొర, పైన తేటగా సీరం. అమ్మ సీరం ఎండుగడ్డి రంగులో ఉంది. రెండోది పసుపు కలిపిన నూనెలా ఉంది. నేనేమీ అడగలేదు. అతనూ ఏమీ అనలేదు. రెండో ట్యూబుని వెంటనే నల్లకాగితంలో చుట్టేశాడు. వెలుగు తగిలితే బిలిరుబిన్ విరిగిపోతుంది. ఎండలో వదిలేసిన ట్యూబు జబ్బుని తక్కువ చేసి చూపిస్తుంది.

ముందుగా కంట్రోల్ సీరాలు నడిపాడు. విలువ ముందే తెలిసిన సీసాలవి. ఒకటి మామూలు స్థాయిది, ఒకటి జబ్బు స్థాయిది. అవి సరిగ్గా వస్తేనే మనుషుల రక్తం ముట్టుకుంటాడు. "యంత్రం ఈ పూట నిజమే చెబుతోందా అని దాన్నే ముందు అడగాలి," అన్నాడు.

ఇప్పుడు ఎస్‌జీపీటీ. డాక్టర్లు ఏఎల్‌టీ అంటారు. ఇది కాలేయ కణాల కడుపులో ఉండే ఎంజైము. కణం బాగున్నంతకాలం రక్తంలోకి కొద్దిగానే వస్తుంది. కణం చినిగితే బయటికి ఒలుకుతుంది. కాలేయం గుండెలా కొట్టుకోదు, పన్నులా సలపదు. లోపల చాలా నష్టం జరిగేదాకా నొప్పనేదే తెలియదు. ఈ ఒలికిన ఎంజైమే దాని మూలుగు.

మావాడు గాజు గొట్టంలో వెయ్యి మైక్రోలీటర్ల రీఏజెంటు పోశాడు. అమ్మ సీరం నూరు మైక్రోలీటర్లు, అంటే రెండు చుక్కలంత, పిపెట్టుతో లాగి అందులో కలిపాడు. పిపెట్టు కొన మీద మిగిలిన తడిని టిష్యూతో తుడిచాడు. ఆ తడి కూడా లెక్కలోకి వస్తుంది. గొట్టం 37 డిగ్రీల దగ్గర వెచ్చబడింది, మన ఒంటి వేడి అంత. యంత్రం నాలుక చాచినట్టు సన్నటి గొట్టంతో దాన్ని పీల్చుకుంది.

లోపల జరిగేది ఇదీ. ఏఎల్‌టీ అలనిన్ అనే పదార్థాన్ని పైరువేటుగా మారుస్తుంది. ఆ పైరువేటును రీఏజెంటులోని ఇంకో ఎంజైము పట్టుకుని లాక్టేటు చేస్తుంది. ఆ పనిలో ఎన్ఏడీహెచ్ అనేది ఖర్చవుతుంది. ఎన్ఏడీహెచ్‌కి 340 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని మింగే గుణం ఉంది. మన కంటికి కనపడని ఆ వెలుగుని యంత్రం ద్రవంలోంచి పంపుతుంది. ఎన్ఏడీహెచ్ తరుగుతున్నకొద్దీ మింగడం తగ్గుతుంది. ఎంత వేగంగా తగ్గితే ఏఎల్‌టీ అంత ఎక్కువ. ఈ ఉపాయాన్ని న్యూయార్కులో ఆర్థర్ కార్మెన్, ఫెలిక్స్ వ్రోబ్లెవ్‌స్కీ, జాన్ లడ్యూ 1954, 55 సంవత్సరాల్లో రక్తపరీక్షగా మార్చారు. వాళ్లు మొదట చూసింది గుండెపోటు రోగుల్ని, కొలిచింది ఏఎల్‌టీ జంట ఎంజైము ఏఎస్‌టీని. తర్వాత కాలేయం వైపు తిరిగారు.

తెర మీద అంకెలు పడుతున్నాయి. 1.412. నిమిషం ఆగి 1.391. మళ్లీ 1.371. మళ్లీ 1.351. నిమిషానికి సుమారు 0.0203 చొప్పున దిగుతోంది. దాన్ని 1768తో గుణించాలి. పాళ్లూ, ఎన్ఏడీహెచ్ గుణమూ కలిపి ముందే కట్టిపెట్టిన గుణకం అది. తెర మీద 36 అని వచ్చింది. ఈ ల్యాబులో పైహద్దు 40.

ఊపిరి వదిలాను. శ్రావణంలో ఇదే కుర్చీ పక్కన నిలబడి 118 చూశాను నేను. హద్దుకి దాదాపు మూడింతలు. ఆ రోజు డాక్టరుగారు మాత్ర మోతాదు సగానికి తగ్గించారు. కాలేయం శాంతించింది, అమ్మ మోకాళ్లు మాత్రం మళ్లీ వాచాయి. దసరాకి కింద కూర్చుని పూజ చెయ్యలేకపోయింది.

*

రెండో గొట్టం యంత్రంలోకి వెళ్లింది. మొదటి అంకె పడింది. రెండోదానికే అది ఎక్కడికో జారిపోయింది. మూడోసారికి దిగడానికి ఇంకేమీ మిగల్లేదు. తెర మీద ఎర్రటి గుర్తు. ఉన్న ఎన్ఏడీహెచ్ అంతా ఒక్కసారిగా ఖర్చయిపోయింది, కొలవడానికి యంత్రం దగ్గర కొలబద్ద చాల్లేదని దాని అర్థం. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడే మోసపోతారు, మూడో నిమిషానికి కదలిక లేదు కాబట్టి విలువ తక్కువని రాసేస్తారు, అన్నాడు మావాడు. యాభై మైక్రోలీటర్ల సీరాన్ని నాలుగువందల యాభై సెలైన్‌లో కలిపి, పదింతలు పలచన చేసి మళ్లీ పెట్టాడు.

నిమిషానికి 0.0312. గుణిస్తే 55. పదింతలు చేస్తే 552.

బిలిరుబిన్ గొట్టంలో ద్రవం పడీపడగానే గులాబీ దాటి ఊదా రంగుకి తిరిగింది. మొత్తం 4.6. మామూలుగా సుమారు 1.2 లోపు ఉండాలి. ఏఎల్‌పీ 168, హద్దు 120. ఈ ఏఎల్‌పీ ఫాస్ఫేటును విడగొట్టే ఎంజైము. మొదట్లో దీన్ని కొలిచింది అది విడగొట్టిన ఫాస్ఫరస్‌ను లెక్కపెట్టే. సుబ్బారావు నీలిరంగు మళ్లీ గుర్తొచ్చింది. నీలం మూత ట్యూబు గడ్డకట్టే లెక్క, ఐఎన్‌ఆర్, 1.3 అని చెప్పింది.

మావాడు కాగితం వెనక చిన్న లెక్క వేశాడు. ఏఎల్‌టీ హద్దుకి 13.8 రెట్లు. ఏఎల్‌పీ 1.4 రెట్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే సుమారు 9.9. ఈ అంకె 5 దాటితే దెబ్బ కాలేయ కణాలకే తగిలినట్టు. 2 కంటే తక్కువైతే పైత్యరసం పారే దారి మూసుకుపోయినట్టు. మధ్యలో ఉంటే రెండూ కలిసినట్టు. "కణాలకే తగిలింది," అన్నాడు. "పైగా కామెర్లు కూడా. ఇది ఫోన్ చెయ్యాల్సిన రిపోర్టు."

హైమన్ జిమ్మర్‌మాన్ అనే అమెరికన్ వైద్యుడు మందుల వల్ల చెడిన కాలేయాల్ని జీవితమంతా చూసి ఒక హెచ్చరిక చేశాడు. ఏదైనా మందు వల్ల ఏఎల్‌టీ మూడింతలు దాటి, దారి ఎక్కడా మూసుకుపోకుండానే బిలిరుబిన్ కూడా రెండింతలు దాటితే, అలాంటి ప్రతి పదిమందిలో సుమారు ఒకరు ప్రాణాపాయంలో పడతారు. అందుకే మావాడు రిపోర్టు టైపు కాకముందే టీబీ డాక్టరుగారికి ఫోన్ చేశాడు. ఇటువైపు మాటలే నాకు వినపడ్డాయి. "అవునండీ... ఆరో వారం... వాంతులు ఉన్నాయండీ... మాటతీరు బాగానే ఉందండీ, మత్తు లేదు... అలాగే, ఇవాళ మాత్ర వెయ్యొద్దని చెబుతాను, నేరుగా మీ దగ్గరికే పంపిస్తాను."

వాంతుల్లాంటి లక్షణాలుంటే మూడింతలకే, ఏ బాధా లేకపోతే అయిదింతలకి టీబీ మందులు ఆపి చూడాలన్నది వైద్యుల నియమం. ఈయన దాన్ని ఎప్పుడో దాటిపోయాడు.

*

బయట బెంచీ మీద ఆయన భార్యకి ఈ మాట చెప్పేసరికి ఆవిడ ముఖం పాలిపోయింది. "మాత్రలు ఆపితే టీబీ మళ్లీ తిరగబెడతదంటారు కదండీ?"

"మీరు ఆపితే తిరగబెడుతుందమ్మా. డాక్టరుగారు ఆపితే కాదు," అన్నాడు మావాడు. "కాలేయం కోలుకునేదాకా దానికి భారం కాని వేరే మందులు ఇస్తారు. ఎంజైములు రెండింతల లోపుకి దిగాక ఒక్కొక్క మందే మళ్లీ మొదలుపెడతారు. ఒకటి వేస్తారు, కొన్ని రోజులు ఆగి రక్తం చూస్తారు, ఇంకోటి వేస్తారు. దొంగ ఎవరో అలా దొరుకుతాడు."

టీబీ మందుల్లో ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ కాలేయాన్ని గాయపరచగలవే. ఐసోనియాజిడ్ 1952 నుంచి వాడుకలో ఉంది. అయినా 1970లో వాషింగ్టన్‌లోని కాపిటల్ హిల్‌లో టీబీ రాకుండా ఆ ఒక్క మందే వేసుకున్న 2,321 మందిలో 19 మంది కాలేయం దెబ్బతిని, ఇద్దరు చనిపోయాకే వైద్యలోకం దానివైపు గట్టిగా చూసింది. బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్యులు 2010లో ప్రకటించిన 313 మంది రోగుల లెక్కలో, మందుల వల్ల కాలేయం చెడినవాళ్లలో 58 శాతం టీబీ మందులు వాడినవాళ్లే. మొత్తమ్మీద 17.3 శాతం మంది దక్కలేదు. ఆ మందులే లేకపోతే టీబీ ఎంతమందిని తీసుకుపోతుందో గోదావరి జిల్లాల్లో ముసలివాళ్లని ఎవరిని అడిగినా చెబుతారు. మందు వద్దని కాదు. మందుకి కాపలా కావాలని.

రక్తం తీసిన అమ్మాయి వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. డాక్టరుగారికి పంపడానికి ఒక కాగితం నింపాలి. నాకు ఈ పూటంతా చూసిన యంత్రాలకంటే ఆ అరగంటే పెద్ద పరీక్ష అనిపించింది.

యంత్రం దెబ్బ తగిలిందని చెబుతుంది. కొట్టిందెవరో చెప్పదు. ఫలానా మందే కాలేయాన్ని చెడగొట్టింది అని వేలెత్తి చూపే రక్తపరీక్ష ఇప్పటికీ లేదు. హెపటైటిస్ ఏ, బీ, సీ, ఈ వైరసులు కూడా ఇదే 552 చూపించగలవు. నీటి వల్ల వచ్చే హెపటైటిస్ ఈ మా కాలవల నాడుకి కొత్తదేం కాదు. అందుకని వాటికి వేరే రక్తం పంపాలి, పొట్ట స్కాను తియ్యాలి, మిగతా అనుమానాలు ఒక్కొక్కటే తీసేయాలి. చివరికి మిగిలేది తారీఖుల లెక్క. మందు ఎప్పుడు మొదలైంది, బాధ ఎప్పుడు మొదలైంది, ఆపాక ఎంత తొందరగా దిగింది. ఈ తారీఖులకి మార్కులు వేసే పట్టిక ఒకటి 1993 నుంచి వైద్యుల చేతిలో ఉంది. ఆ పట్టిక నింపడానికి కావలసినదంతా రోగి నోట్లోనే ఉంటుంది.

"మందు తాగుతారా బాబాయ్‌గారూ?"

"మానేశానండి. మాత్రలు మొదలెట్టిన కాడ్నించీ చుక్క ముట్టలేదు."

"ఇంకేం మింగారు ఈ నెలన్నరలో?"

భార్య చీర కొంగులోంచి ముడి విప్పింది. ఒళ్లునొప్పులకి మెడికల్ షాపువాడు ఇచ్చిన మాత్రల ఖాళీ పట్టీ. దాని మీద పేరు సగం చిరిగిపోయింది. ఆ తర్వాత, గొంతు తగ్గించి, "మొన్న ఆదివారం పక్కూళ్లో కామెర్లకి పసరు పోయించానమ్మా. కళ్లు పచ్చబడ్డాయని మా అత్త అంది," అంది.

అమ్మాయి కసరలేదు. ముఖం కూడా చిట్లించలేదు. "మంచి పని చేశారు చెప్పి. ఆదివారం ఎన్నింటికి? అప్పటికే వాంతులు ఉన్నాయా?" అని అడిగి, తారీఖుతో సహా రాసుకుంది. ఆ పసరు నేరం చేసిందో లేదో ఎవరికీ తెలియదు. అయినా కాగితం మీద దాని పేరు ఉండాలి. కాగితం మీద లేని మందుని ఏ డాక్టరూ అనుమానించలేడు.

ఆటో వచ్చింది. ఆయన్ని ఎక్కించి, కాగితం భార్య చేతిలో పెట్టాం. ఆటో వెళ్లిపోయాక కూడా అమ్మ బెంచీ మీంచి లేవలేదు.

"అమ్మాయ్," అంది. "నాది కూడా ఒకటి రాసుకో."

నేను తిరిగి చూశాను.

"ఆషాఢంలో మొదలెట్టా. తిప్పతీగ కషాయం. రోజూ పరగడుపున అరగ్లాసు. ఎదురింటావిడ మోకాళ్లకి మంచిదంది. నెలకి పైగా తాగా. శ్రావణంలో ఆ అంకె ఎక్కువొచ్చిందని డాక్టరుగారు మాత్ర తగ్గించారు కదా, ఆ భయానికి కషాయం కూడా మానేశా. ఎవరికీ చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను. నా గొంతులో కోపం ఉంది. అది ఆవిడ మీద కాదు. మూడేళ్లుగా పక్కన కూర్చుని ఒక్కసారి కూడా సరిగ్గా అడగని నా మీద.

"ఆకే కదరా. అది మందనుకోలేదు."

కరోనా రోజుల్లో రోగనిరోధక శక్తి కోసమని దేశమంతా తిప్పతీగ తాగింది. అలా తాగి కాలేయం దెబ్బతిన్న ఆరుగురి గురించి ముంబై వైద్యులు 2021లో రాశారు. 2022లో 13 వైద్య కేంద్రాల నుంచి 43 మంది వివరాలు అచ్చయ్యాయి. ఆయుష్ మంత్రిత్వశాఖ దాన్ని ఒప్పుకోలేదు, తిప్పతీగ సురక్షితమైనదేనంది. అమ్మ విషయంలో ఆ 118 మెథోట్రెక్సేట్‌దా, కషాయానిదా, రెండూ కలిసి చేసిందా అన్నది ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. రెండూ దాదాపు ఒకేసారి తగ్గాయి. ఆ రోజు ఆ ఒక్క మాట కాగితం మీద ఉండి ఉంటే ముందు కషాయం ఆపి చూసేవారు. దసరాకి అమ్మ కింద కూర్చుని పూజ చేసుకునేదేమో.

అమ్మాయి రాసుకుంది. ఆషాఢం ఏ తిథిన మొదలుపెట్టారో అమ్మకి గుర్తుంది, తొలి ఏకాదశి మర్నాడట. మావాడు ఫోన్‌లో చూసి దాన్ని ఇంగ్లిషు తారీఖు చేసి పక్కన వేశాడు.

బయటికొచ్చేసరికి ఎండ పడింది. యనమదుర్రు డ్రెయిను మీంచి తడిగాలి వస్తోంది. గుడి దగ్గర క్యూ రోడ్డు దాకా ఉంది. కొబ్బరికాయ కొట్టాం. దణ్ణం పెట్టుకుంటూ అమ్మ ఏం కోరుకుందో నేను అడగలేదు. ఆ చెరువు కాపలాదారుడు బయటపడాలని నేను కోరుకున్నాను.

చీకటి పడ్డాక నక్షత్రాలు చూసి అమ్మ ఉపవాసం విడిచింది. భోజనం అయ్యాక గోడ మీది క్యాలెండర్ దింపి ఒళ్లో పెట్టుకుంది. మంగళవారం గడుల్లో ఎప్పట్లా మాత్రకి ఎర్ర సున్నాలు. వాచిన వేళ్లతో పెన్ను పట్టుకుని, ఒక్కొక్క నెల కాగితం వెనక్కి తిప్పుకుంటూ ఆషాఢం దాకా వెళ్లింది. తొలి ఏకాదశి మర్నాటి గడిలో, చిన్న అక్షరాలతో, "కషాయం" అని రాసింది.